తవ్వి వదిలేసిన గని నేల మీద మేత గడ్డిని మళ్ళీ మొలిపించడం ఎలా?

ఎర్రదిబ్బ | 21 మే 2023

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం ప్రాంతంలోని ఒక పల్లె. ఊరికి పడమర దిక్కున ఉన్న మేత పోరంబోకులో కొంత భాగాన్ని నా చిన్నతనంలో ఇనుప ఖనిజపు గనికి లీజుకు ఇచ్చారు. ఆ గని ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఇప్పుడు అక్కడ ఒక పక్క తవ్విన గుంత, మరో పక్క అందులోంచి తీసి పోసిన వ్యర్థపు మట్టి దిబ్బలు, మధ్యలో లారీలు తిరిగి తిరిగి బండబారిపోయిన చదును నేల ఉన్నాయి. అంతా కలిపి 40 ఎకరాల లోపే ఉంటుంది.

వానాకాలం మొదలైన దగ్గర నుంచి సంక్రాంతి దాకా ఊరి గొర్రెలన్నీ అక్కడే మేసేవని మా నాన్న చెబుతారు. ఇప్పుడు అక్కడ సర్కారు తుమ్మ, అంచుల వెంట వయ్యారిభామ మాత్రమే ఉన్నాయి, మంద మేసే గడ్డి లేదు. గాలి లేచినప్పుడల్లా ఎర్ర దుమ్ము కింది వేరుశనగ చేల మీద పరుచుకుంటుంది.

పంచాయతీ వద్ద కొంత సొమ్ము ఉంది, ఉపాధి హామీ కింద కూలీల పని కూడా పెట్టించుకోవచ్చునని చెప్పారు. అడిగిన ప్రతి ఒక్కరూ మొక్కలు నాటమనే సలహా ఇస్తున్నారు, కానీ మా ఊరికి కావలసింది మేత. ఏ గడ్డి విత్తాలి, ఎప్పుడు విత్తాలి, అంతకు ముందు నేలను ఏం చేయాలి అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాతగని | 22 మే 2023

నేను ఖనిజ గనుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించిన ఇంజనీరును. మీరు విత్తనం గురించి అడిగారు గానీ, నేను మట్టి పని నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నేను చూసినంతలో గని నేలల మీద చల్లిన విత్తనంలో ఎక్కువ భాగం మొలవక పాడు కాలేదు, మొదటి గట్టి వానకు కొట్టుకుపోయి పాడైంది.

లారీ నుంచి ఒంపిన మట్టి తనంతట తాను నిలిచే కోణం 37 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. ఆ వాలు మీద నీరు ఆగదు, విత్తనం ఆగదు, మనిషి కూడా నిలబడి పని చేయలేడు. అందుకే పర్యావరణ అనుమతుల్లో దిబ్బ మొత్తపు వాలు 28 డిగ్రీలు మించరాదని షరతు పెడతారు. గడ్డి కోసమైతే అంతకన్నా తక్కువ వాలు మంచిది. దిబ్బను మెట్లుగా కోసి, ప్రతి మెట్టునూ లోపలి వైపుకు కొద్దిగా వాల్చి, అడుగున రాతి కట్ట కడితే నీరు మెట్టు మీదనే ఇంకుతుంది.

బండబారిన చదును నేలది వేరే సమస్య. అక్కడ వేరు దిగదు. ట్రాక్టరుకు రిప్పర్ తగిలించి, వాలుకు అడ్డంగా అడుగున్నర లోతు వరకు చీల్చాలి. ఈ పనిని నేల పూర్తిగా ఎండి ఉన్నప్పుడే చేయండి, తడిగా ఉంటే పెళ్ళలు విరగకుండా పళ్ళు జారిపోతాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. సుప్రీంకోర్టు 2020 జనవరి 8న, ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే నేతృత్వంలోని ధర్మాసనం ద్వారా ఒక ఆదేశం ఇచ్చింది. గని పని ముగిశాక లీజుదారు తాను తవ్విన చోటనే కాక, తన పని వల్ల చెదిరిన ఇతర చోట్ల కూడా తిరిగి గడ్డి పెంచి, పశుగ్రాసానికీ మొక్కలకూ జంతుజాలానికీ పనికివచ్చే స్థితికి ఆ భూమిని తేవాలని లీజు, పర్యావరణ అనుమతి వంటి పత్రాల్లో షరతుగా చేర్చమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. కోర్టు వాడిన మాట చెట్ల పెంపకం కాదు, తిరిగి గడ్డి పెంచడం. మీ గని అంతకు ముందే ఆగిపోయింది కనుక ఈ షరతు దానికి ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాదిని అడగవలసి ఉంటుంది. అయితే గని మూసివేత ప్రణాళిక, దానికి ఆర్థిక హామీ అన్నవి 2003 నుంచే నిబంధనల్లో ఉన్నాయి. మీ గని మూసివేత ప్రణాళిక ప్రతిని సమాచార హక్కు కింద తీసుకుని, పైమట్టి గురించి అందులో ఏం రాశారో చదవండి.

ఇల్లెందు_వాసి | 22 మే 2023

ఎర్రదిబ్బ గారూ, నేను బొగ్గు గనుల ప్రాంతంలో పుట్టి పెరిగినవాడిని. మా వైపు ఓబీ గుట్టలని పిలిచే మట్టి కుప్పల మీద చెట్లు పెంచడం నేను కళ్ళారా చూశాను, అందుకే మొక్కలు వద్దని తీసిపారేయవద్దని కోరుతున్నాను. చెట్టు వేరు లోతుకు పోతుంది, నీడనిస్తుంది, ఆకు రాలి మట్టి తయారవుతుంది. మే నెలలో ఆ గుట్టల మీది రాతి మట్టి అరికాలు పెట్టలేనంతగా కాలుతుంది. అంత వేడిలో సన్నని గడ్డి మొలక బతుకుతుందని నాకు నమ్మకం లేదు.

మందవెంట | 23 మే 2023

అయ్యా, మాది గొర్రెల కాపరుల కుటుంబం. నేను చదువుకుని వేరే ఉద్యోగంలో ఉన్నాను గానీ మా అన్నదమ్ములు ఇప్పటికీ మంద వెంటే తిరుగుతారు. చెట్లు నాటిన ప్రతిచోటా మాకు జరిగింది ఒక్కటే. కంచె వేశారు, కాపలా పెట్టారు, మంద లోపలికి వస్తే జరిమానా అన్నారు. చెట్లు పెరిగాక కూడా ఆ కంచె తీయలేదు. బీడు భూమిని పనికిరాని భూమిగా లెక్కగట్టే అలవాటు పోనంత కాలం మా మేత పోతూనే ఉంటుంది. అది మాకు బీడు కాదు, మా పొలం.

ఇల్లెందు గారు చెప్పిన వేడి నిజమే. అయితే మా ప్రాంతపు గుట్టల మీద ఏ నీడా లేని చోట గడ్డి తనంతట తాను వందల ఏళ్ళుగా ఉంది. ఆ గడ్డి పేర్లు ముందు రాసుకోండి. నెంద్ర గడ్డిని గొర్రె ఇష్టంగా తింటుంది. పందిముల్లు లేతగా ఉన్నప్పుడు మంచి మేత, కంకి వేశాక మాత్రం దాని ముల్లుగింజ ఉన్నిలో దూరి చర్మాన్ని గుచ్చుతుంది. బోద గడ్డిని వాసన వల్ల గొర్రె ముట్టదు, ఇంటి కప్పుకు మాత్రం పనికివస్తుంది. గరిక తడి ఉన్న చోట తనే వస్తుంది. పక్క గుట్ట మీద ఈ నాలుగూ ఎక్కడెక్కడ ఉన్నాయో మీ ఊరి ముసలి కాపరిని వెంటబెట్టుకుని ఒక పూట తిరిగి చూడండి.

ఎర్రదిబ్బ | 24 మే 2023

పాతగని గారికి, మందవెంట గారికి కృతజ్ఞతలు. పైమట్టిని విడిగా దాచినట్టు అక్కడ ఆనవాళ్ళేమీ లేవు. అది వ్యర్థపు మట్టి అడుగునే పూడిపోయి ఉండాలి. పైమట్టి లేకుండా గడ్డి వస్తుందా?

జిల్లెట్_నుంచి | 25 మే 2023

నేను అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, జిల్లెట్ అనే ఊళ్ళో ఉంటున్నాను. పౌడర్ నది పరీవాహకంలోని బొగ్గు గనులు తవ్వి పూడ్చిన నేలల్లో మట్టి నమూనాలు తీయడం, మొలకలను లెక్కించడం నా ఉద్యోగం. ఇక్కడ ఏడాదికి సుమారు 400 మిల్లీమీటర్ల వాన, మంచు కలిపి పడతాయి, అంటే అనంతపురం కన్నా తక్కువే. గని తవ్వక ముందు ఇదంతా పశువులు మేసే గడ్డిబయలు, తవ్విన తర్వాత మళ్ళీ గడ్డిబయలుగానే అప్పగించాలి. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది కొంత మీకు పనికిరావచ్చు, కొంత అసలు పనికిరాదు.

1977 ఆగస్టు 3న వచ్చిన ఉపరితల గనుల చట్టం ప్రకారం ఇక్కడ పైమట్టిని ముందుగా విడిగా తీయాలి, పూడ్చిన నేల మీద దాన్నే మళ్ళీ పరవాలి. కంపెనీ ముందే హామీ సొమ్ము కట్టి ఉంచుతుంది. ఏడాదికి 26 అంగుళాలు లేదా అంతకన్నా తక్కువ వాన పడే చోట్ల, విత్తిన తర్వాత కనీసం 10 ఏళ్ళు ఆ నేల బాధ్యత కంపెనీదే. ఆ గడువు చివర గడ్డి నేలను ఎంత కప్పిందో, ఎంత దిగుబడి ఇచ్చిందో ఆమోదించిన ప్రమాణంతో పోల్చి, అందులో 90 శాతమైనా వచ్చిందని చూపాలి. మధ్యలో మళ్ళీ విత్తితే పదేళ్ళ లెక్క మొదటికి వస్తుంది. ఇంత పట్టుదల ఉన్నప్పుడు మాత్రమే పైమట్టి విలువ ఎవరికైనా అర్థమవుతుందని నా అభిప్రాయం.

పైమట్టిలో విత్తనాలు ఉంటాయి, వేళ్ళకు భాస్వరం అందించే శిలీంధ్రాలు ఉంటాయి. కుప్పగా పోసి ఏళ్ళ తరబడి ఉంచితే అవి చచ్చిపోతాయి. ఇక్కడ ఒక చోట తీసిన మట్టిని అదే వారంలో మరో చోట పరచగలిగితే వచ్చిన పచ్చికకూ, కుప్పలో ముసలిదైన మట్టి మీద వచ్చిన పచ్చికకూ తేడా కంటికే తెలుస్తుంది. మీకు పైమట్టి లేదు కనుక దాని పనిని వేరేవాటితో చేయించాలి. చెరువు పూడిక మట్టి దొరికితే పలుచగా పరవండి. పక్క గుట్ట మీద బతికి ఉన్న గడ్డి మొదళ్ళ దగ్గరి మట్టిని బుట్టల కొద్దీ తెచ్చి విత్తే చాళ్ళలో కలపండి. ఆ శిలీంధ్రాలు అలా వస్తాయి. ఇనుము ఎక్కువగా ఉన్న మట్టి భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది, అందువల్ల మీకు ఇది మరింత అవసరం.

మా వెస్టర్న్ వీట్‌గ్రాస్, బ్లూ గ్రామా వంటి జాతులను మీరు తెప్పించుకోవలసిన పని లేదు. వాటి కాలం వేరు. మేము చలికి నేల గడ్డకట్టే ముందు విత్తుతాం, గింజ మంచు కింద నిద్రపోయి వసంతంలో లేస్తుంది. మీకు వాన కార్తెలే దిక్కు.

స్టైలో_రైతు | 27 మే 2023

ఇక్కడ స్టైలో మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. అనంతపురం జిల్లా రైతులు దశాబ్దాలుగా స్టైలో విత్తనం పండించి దేశంలోని బంజరు భూముల పథకాలకు అమ్ముతున్నారు. మా ఇంట్లో మూడో తరం ఈ పంట వేస్తున్నది. ఇది పప్పుజాతి మేత మొక్క, గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో నిలుపుతుంది, అంతంతమాత్రపు ఎర్ర నేలలోనూ నిలబడుతుంది. గడ్డి ఒక్కటే వేస్తే నత్రజని లేని ఆ వ్యర్థపు మట్టిలో రెండో ఏడే పసుపుపచ్చగా మారుతుంది. కాబట్టి గడ్డితో పాటు హమాటా, స్కాబ్రా అనే రెండు స్టైలో రకాలను కలిపి చల్లండి.

గింజ పైపొట్టు చాలా గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్ళలో నాలుగు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి విత్తాలి. అలా చేయకపోతే చాలా గింజలు మొదటి ఏడాది మొలవవు. వరుసల్లో అయితే హెక్టారుకు 6 కిలోలు, చేత్తో చల్లితే 10 కిలోలు చాలు. గడ్డి విషయానికి వస్తే అంజన్ గడ్డి విత్తనం మార్కెట్లో సులువుగా దొరుకుతుంది, హెక్టారుకు 6 నుంచి 8 కిలోలు పడుతుంది. దాని కొత్త గింజకు నిద్రావస్థ ఉంటుంది కనుక గత ఏడాది విత్తనాన్ని అడిగి కొనండి. నూగు వల్ల చేతికి అంటుకుని సమంగా పడదు, తడి ఇసుకలోనో, మట్టి పేడ కలిపిన గుళికలుగానో చేసి చల్లాలి.

జిల్లెట్_నుంచి | 27 మే 2023

స్టైలో_రైతు గారూ, మీ గింజను మొక్క మీద నుంచి కోస్తారా, నేల మీద రాలాక ఊడుస్తారా?

స్టైలో_రైతు | 27 మే 2023

రాలనిచ్చి ఊడ్చి, జల్లించి, తూర్పారబడతాం. అందరూ అంతే.

జిల్లెట్_నుంచి | 28 మే 2023

అందుకే అడిగాను. ఊడ్చిన విత్తనంలో మట్టి, ఇసుక, పొట్టు కలిసి ఉంటాయి. సంచి మీద రాసిన కిలోలను నమ్మి విత్తితే మోసపోతారు. ఇక్కడ మేము విత్తనం కొనేటప్పుడు శుద్ధతను మొలక శాతంతో గుణించి, అందులో బతికిన గింజ ఎంతో లెక్కగడతాం. ఉదాహరణకు శుద్ధత 60 శాతం, మొలక 50 శాతం అనుకుంటే, బతికిన గింజ 30 శాతమే. అప్పుడు హెక్టారుకు 6 కిలోలు నిజంగా పడాలంటే సంచిలోది 20 కిలోలు విత్తాలి. ఎర్రదిబ్బ గారు ఏ విత్తనం కొన్నా, 100 గింజలు లెక్కబెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, పది రోజుల్లో ఎన్ని మొలిచాయో ఇంట్లోనే చూసుకోవచ్చు.

మందవెంట | 29 మే 2023

బయటి నుంచి తెచ్చిన స్టైలో, అంజన్ అంతటా కమ్ముకుని, నెంద్ర వంటివి మళ్ళీ చోటు దొరకక పోతాయేమోనని నా భయం. దక్కన్ పీఠభూమి గడ్డిబయళ్ళకు శాస్త్రవేత్తలు 1973 వర్గీకరణలో పెట్టిన పేరే సెహిమా, డైకాంథియం అనే రెండు స్థానిక జాతుల మీద ఉంది. ఆ సెహిమా మా నెంద్రే. దాన్ని వదిలి వేరేది పెంచి గడ్డిబయలు తిరిగి వచ్చిందని ఎలా అనగలం?

జిల్లెట్_నుంచి | 30 మే 2023

ఈ భయం సరైనదేనని నా అనుభవం. ఇక్కడ ఒకప్పుడు ఆసియా నుంచి తెచ్చిన క్రెస్టెడ్ వీట్‌గ్రాస్ త్వరగా పచ్చబడుతుందని విస్తారంగా విత్తారు. అది నిజంగానే త్వరగా పచ్చబడింది, కానీ స్థానిక గడ్డిని ఆ తర్వాత దశాబ్దాల పాటు రానివ్వలేదు. అలాగని నత్రజని లేని మట్టిలో స్థానిక గడ్డి ఒక్కటే మొదటి ఏడాది నిలుస్తుందని చెప్పడానికీ నాకు ధైర్యం చాలదు. స్టైలో వాటా తగ్గించి, స్థానిక గడ్డిని చాళ్ళలో ముందుగా పెట్టి, స్టైలోను చాళ్ళ మధ్య పలుచగా చల్లడం మధ్యేమార్గంగా నాకు తోస్తున్నది.

పశువైద్యురాలు_కడప | 2 జూన్ 2023

నేను పశువైద్యాధికారిగా పనిచేస్తున్నాను. విత్తనం మీద చర్చ బాగుంది, మేసే జీవం గురించి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. గొర్రె నేలకు అంటుకుని మేస్తుంది. గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు దానితో పాటు చాలా మట్టి కడుపులోకి పోతుంది. ఇనుము ఎక్కువగా ఉన్న మట్టి అలా రోజూ లోపలికి పోతే, శరీరం రాగిని సరిగా గ్రహించలేదు. నల్ల దక్కనీ గొర్రెల ఉన్ని గోధుమరంగుకు తిరిగి మెలి పోగొట్టుకోవడం, పుట్టిన పిల్లలు నడుము నిలవక వెనక కాళ్ళు ఈడ్వడం దీని గుర్తులు. కనుక ఆ నేల మీద గడ్డి ఎత్తు జానెడు కన్నా తగ్గకముందే మందను బయటికి తోలండి. మేత మొదలుపెట్టే ముందు మట్టిని, గడ్డిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. రాగి లవణాలను మీ అంతట మీరు కొని పెట్టవద్దని మరీ మరీ కోరుతున్నాను, గొర్రెకు రాగి కొంచెం ఎక్కువైనా ప్రాణం మీదికి వస్తుంది.

తవ్విన గుంత చుట్టూ రాతి కట్టో ముళ్ళ కంచో మొదటి పనిగా వేయించండి.

ఎర్రదిబ్బ | 26 నవంబరు 2023

ఇన్నాళ్ళు మౌనంగా ఉన్నందుకు మన్నించండి. చెప్పడానికి మంచి వార్త లేదు. జూన్ చివర వాన పడగానే ఆగలేక, నేలను రిప్పర్‌తో చీల్చకుండానే నాగలితో పైపైన దున్ని, కొన్న అంజన్, స్టైలో విత్తనాలను చేత్తో చల్లించాను. జులైలో పది ఎకరాల మేర పచ్చగా మొలిచింది. ఊరంతా వచ్చి చూసింది. ఆ తర్వాత ఆగస్టు మొత్తం చినుకు లేదు. దేశమంతటికీ 1901 నుంచి నమోదైన ఆగస్టు నెలల్లో అతి తక్కువ వాన పడినది ఈ ఆగస్టేనని తర్వాత చదివాను. మొలకలు వరుసగా తెల్లబడి పొడిపొడిగా రాలిపోవడం రోజూ వెళ్ళి చూశాను. ఇప్పుడు అక్కడక్కడ స్టైలో మొక్కలు మాత్రం మిగిలాయి. పంచాయతీ సొమ్ములో సగం అయిపోయింది. ఇక చెట్లే నాటుదామని పెద్దలు అంటున్నారు, వారికి ఎదురు చెప్పే ముఖం నాకు లేకపోయింది.

పాతగని | 27 నవంబరు 2023

మీరు దిగులుపడకండి, బాబూ. చీల్చని నేల మీద నాలుగంగుళాల మట్టి ఎంత తడి నిలుపుతుంది? వాన లేని నెల రోజులకు ఆ తడి చాలదు. అది మీ తప్పు అనుకున్నా సరిదిద్దుకోగలిగిన తప్పే. మిగిలిన సొమ్ముతో పది ఎకరాలు మాత్రమే సరిగ్గా చేయండి, 40 ఎకరాలూ ఒకేసారి వద్దు.

మందవెంట | 27 నవంబరు 2023

మీకు ఇప్పుడే చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ వారమే పక్క గుట్ట మీద కంకి పండిన నెంద్రను, పందిముల్లును గింజ రాలకముందే కొడవలితో కోయించండి. గింజతో సహా ఆ గడ్డిని మోపులు కట్టి, ఎలుక తగలని చోట దాచండి. వచ్చే ఏడు విత్తిన నేల మీద దాన్నే పలుచగా పరిస్తే, గింజ రాలుతుంది, పైగా గడ్డి నేలకు నీడ అవుతుంది.

రెండో మాట మంద నిలపడం గురించి. రైతులు తమ చేలలో రాత్రిళ్ళు మంద నిలిపించుకుని ఎరువు వేయించుకుంటారు కదా, అదే పని ఆ చదును నేల మీద చేయించండి. ఎకరానికి కొన్ని రాత్రులు మారుస్తూ పోతే పేడ, మూత్రం, గిట్టల తొక్కుడు అన్నీ కలిసి ఆ చచ్చిన మట్టికి కొంత జీవం పోస్తాయి. ఒక జాగ్రత్త తప్పనిసరి. సర్కారు తుమ్మ కాయలు తిన్న మందను నిలిపితే, పెంటికల్లో గింజలు వచ్చి మీ నేలంతా తుమ్మ అడవి అవుతుంది. ఎండాకాలంలో కాయ రాలే రోజుల్లో వద్దు, ఈ చలికాలంలోనే పని ముగించండి.

ఇల్లెందు_వాసి | 28 నవంబరు 2023

నేను చెట్ల పక్షం మాట్లాడినవాడినే అయినా, ఇప్పుడు వెనక్కి తగ్గవద్దని ఎర్రదిబ్బ గారిని కోరుతున్నాను. పెద్దలతో గొడవ ఎందుకు? దిబ్బ అడుగున రాతి కట్టల వెంట, గుంత చుట్టూ వేప, కానుగ నాటించండి. మేత నేలను గడ్డికే వదలండి. చెట్టు నిలిచే చోటు చెట్టుకు, గడ్డి నిలిచే చోటు గడ్డికి ఇస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది.

స్టైలో_రైతు | 30 నవంబరు 2023

జూన్ వానకు విత్తడమే అసలు పొరపాటు. అనంతపురంలో ఏడాదిలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. మఖ కార్తె చివర, పుబ్బ కార్తె మొదట పదును చూసుకుని విత్తితే, మొలక లేచాక ఉత్తర, హస్త వానలు అందుకుంటాయి. చేత్తో చల్లకండి, గొర్రుతో పెట్టండి. లోతు మాత్రం అరంగుళం మించకూడదు. వేరుశనగకు పెట్టే లోతున పెడితే ఆ చిన్న గింజ పైకి రాలేదు. తోడుగా ఉలవలు పలుచగా చల్లండి. దట్టంగా వేస్తే గడ్డి తడిని అవే తాగేస్తాయి.

ఎర్రదిబ్బ | 15 డిసెంబరు 2024

ఏడాది తర్వాత రాస్తున్నాను. ఈసారి పది ఎకరాలే చేశాం. గత డిసెంబరు, జనవరి నెలల్లో రెండు మందలు కలిసి చదును నేల మీద నిలిచాయి. కాపరులకు పంచాయతీ రోజుకు ఇంతని బియ్యం ఇచ్చింది. ఏప్రిల్‌లో రిప్పర్‌తో చీల్చి, ఉపాధి హామీ కూలీలతో వాలుకు అడ్డంగా కందకాలు తీయించాం. మే నెలలో చెరువు పూడిక మట్టి తోలించాం. అందులో వయ్యారిభామ విత్తనం వస్తుందని నేను ఊహించలేదు. జులైలో ఆడవాళ్ళు పూత రాకముందే దాన్ని చేతులకు సంచులు కట్టుకుని పీకేశారు. ఆగస్టు చివర పదును చూసి గొర్రుతో విత్తాం, చాళ్ళలో గుట్ట మీది మట్టి కలిపాం, పైన దాచిన మోపుల గడ్డి పరిచాం.

వానలు ఈసారి దయ చూపాయి. ఒక మీటరు చదరపు చట్రం కట్టెలతో చేయించి, కళ్ళు మూసుకుని విసిరి, అది పడిన చోట మొదళ్ళు లెక్కపెట్టాం. చదును నేలలో చాలా చోట్ల నాలుగు నుంచి ఏడు గడ్డి మొదళ్ళు ఉన్నాయి, వాటిలో సగానికి పైగా నెంద్ర, పందిముల్లు. దిబ్బ తూర్పు వాలు మీద రెండు మూడు ఉన్నాయి. పడమటి వాలు మీద మాత్రం చాలా చోట్ల చట్రం ఖాళీగా పడింది.

జిల్లెట్_నుంచి | 16 డిసెంబరు 2024

చదివి ఎంతో సంతోషించాను. మొదటి ఏడాదికి ఆ చదును నేల లెక్క చాలా మంచిది. పడమటి వాలు మధ్యాహ్నపు ఎండంతా భరిస్తుంది, ఇక్కడా అలాంటి వాలుల మీదే మేము ఓడిపోతుంటాం. అక్కడ విత్తనం కన్నా ముందు రాళ్ళు పరవండి. పిడికిలంత రాళ్ళు ఒత్తుగా ఉంటే వాటి సందుల్లో తడి, నీడ దొరుకుతాయి, గింజ తనే ఆ సందులో ఆగుతుంది. ఇంకొకటి, చట్రం పడిన చోట్లను కర్రలు పాతి గుర్తు పెట్టండి. వచ్చే ఏడాది అవే చోట్ల లెక్కించకపోతే పెరిగిందో తరిగిందో తెలియదు.

పశువైద్యురాలు_కడప | 16 డిసెంబరు 2024

మందను ఎప్పుడు వదలబోతున్నారు?

ఎర్రదిబ్బ | 18 డిసెంబరు 2024

దాని మీదే నిన్న రచ్చబండ దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం. పచ్చగా కనబడుతున్న గడ్డిని చూస్తూ మందను ఆపడం కాపరులకు ఎంత కష్టమో వాళ్ళ ముఖాల్లోనే కనిపించింది. చివరికి వాళ్ళే ఒక మాట చెప్పారు. ఈ ఏడాది గింజ పూర్తిగా రాలాక, సంక్రాంతి తర్వాత గడ్డిని కొడవలితో జానెడు పైన కోసి ఇంటికి తీసుకుపోతారు. మంద లోపలికి రాదు. వచ్చే ఏడాది కూడా అంతే. రెండో గింజ రాలిన తర్వాత, మట్టి, గడ్డి పరీక్షల ఫలితం చూసుకుని, మొదట గొర్రెలను మాత్రమే, రోజు మార్చి రోజు వదులుతారు. మేకలు మూడో ఏడాదికి. కంచె కాకుండా, కాపరుల ఇళ్ళ నుంచే వంతుల వారీగా ఒకరు కాపలా ఉంటారు. మూడో ఏడాది తర్వాత ఆ కాపలా కూడా తీసేస్తామని పంచాయతీ పుస్తకంలో రాయించి, మందవెంట గారు చెప్పిన ఆ పాత భయాన్ని తలచుకుని, అందరి చేతా సంతకాలు పెట్టించాం.

కర్రలు 22 చోట్ల పాతాం. జనవరి చివర్లో కోత కాగానే మళ్ళీ లెక్కించి ఇక్కడే రాస్తాను. పడమటి వాలు మీదికి రాళ్ళు మోయించే పని సోమవారం మొదలవుతుంది.